గొంతెరిగి

బల్ల మీద పదకొండు పాటలు పరుచుకుని కూర్చున్నాను.
చేపల ఫ్యాక్టరీ సైరన్ ఆగింది.
కిటికీ అవతల పొగమంచు
గొర్రెల్ని ఒక్కొక్కటే మింగుతోంది.

పాత్రెరిగి దానం చేయమన్నారు గానీ
గొంతెరిగి పాట ఇమ్మని
నాకెవరూ చెప్పలేదు.
ఇరవై ఆరేళ్లు తప్పులు చేసి నేర్చుకున్నాను,
ఆ తప్పులన్నీ పిల్లల గొంతుల మీదే.

ఇది పెద్దాయన యోహాన్నెస్ పంపింది.
కాగితం మడతల్లో ఇంకా నశ్యం వాసన.
"మా రోజుల్లో ఈ పాటకి
చర్చి కప్పు మీది గడ్డి కూడా లేచి నిలబడేది" అంటాడు.
నిలబడే ఉంటుంది. ఫారో దీవుల గాలికి గడ్డి
ఏ పాటకైనా లేస్తుంది.
కానీ మూడో చరణంలో ఆ పైస్వరం ఉంది చూశారూ,
తొమ్మిదేళ్ల సున్నివా దాన్ని అందుకోవడమంటే
పై అరలోని జామ్ సీసా కోసం
మునివేళ్ల మీద సాగడమే.
మెడ నరాలు తేలతాయి. అందరూ మెచ్చుకుంటారు.
సీసా పగిలేది ఎప్పుడో తర్వాత,
అప్పటికి మెచ్చుకున్నవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయుంటారు.

పక్కన పెట్టాను.

ఇంకొకటి. రాగం వెన్నముద్ద.
మాటలేమో, అలసిపోయాను, ఈ లోకం చాలు, తీసుకుపో ప్రభువా అని.
ఎవరు పాడాలి?
ఊడబోయే పాలపన్నుని నాలుకతో ఊపుకుంటూ
కుర్చీలో కుదురుగా కూర్చోలేని తురిద్ పాడాలా?
దానికి లోకం ఇంకా మొదలే కాలేదు.
నిన్న కొట్టంలో పుట్టిన గొర్రెపిల్లకి పేరు పెట్టాలి,
ఆ పనే సగం మిగిలి ఉంది.
శ్రుతి ఎంత బాగా కుదిరినా సరే,
పిల్లల చేత దేవుడి ముందు
అబద్ధం ఆడించలేను.

పట్నం నుంచి వచ్చిన కొత్తది వట్టి చక్కెర నీళ్లు.
ఆనందం ఆనందం ఆనందం,
ఎందుకో ఒక్కసారీ చెప్పదు.
చిన్న పాట ఇవ్వొచ్చు పిల్లలకి.
ఖాళీ పాట ఎలా ఇస్తాం?

అన్నిటికన్నా అడుగున ఒకటుంది, బోర్లా.
సముద్రం మీదికి వెళ్లినవాళ్ల కోసం పాడేది.
రెండేళ్లుగా దాన్ని తిప్పి చూడలేదు.
హోగ్ని ఉన్నాడు కదా.
వాళ్ల నాన్న పేరు చర్చి గోడకి ఇత్తడి రేకు మీద ఉంది.
వాడు తడి కోటు తగిలించేది
సరిగ్గా దాని కిందున్న మేకుకే.

మొన్న సాధన అయ్యాక అందరూ పరిగెత్తారు.
హోగ్ని హార్మోనియం మూత దించుతూ అడిగాడు:
"ఆ పాట ఎందుకు దాచారు?"

పదమూడేళ్లు.
వాక్యం పిల్లాడి గొంతులో మొదలై
ఎవరో మగవాడి గొంతులో ఆగింది.
"నీ గొంతు మారుతోందిరా, పైస్వరాలు..." అంటూ
తప్పించుకోబోయాను.
"తెలుసు. కింద నాలుగు మిగిలాయి."
జేబులోని చిల్లర లెక్కపెట్టినట్టు
ఒక్కొక్కటే పాడి చూపించాడు.
"మూడో లైను ఆ నాలుగింటిలోనే ఉంది.
అదొక్కటీ నాకివ్వండి.
మిగతాది వాళ్లు పాడతారు."

ఇంటికొచ్చి చాలాసేపు దీపం వెలిగించలేదు.
ఆ రేకు మీద వాళ్ల నాన్నకి రెండు పేర్ల పైన
మా అన్న ఉన్నాడు.
పిల్లాడి కోసమే దాచానని
ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను.

పెన్సిల్ చెక్కాను.
మొత్తం పాటని రెండు మెట్లు కిందికి దించి రాస్తున్నాను.
సున్నివాకి ఇప్పుడు మడమలు నేల మీదే ఉంటాయి.
తురిద్‌కి రెండో చరణం, అందులో పడవలూ పక్షులూ ఉన్నాయి.
మూడో లైను పక్కన హోగ్ని పేరు రాసి
ఊపిరి గుర్తు ఎక్కడ పెట్టాలా అని ఆగాను.

పెట్టలేదు.
ఎక్కడ ఆగాలో వాడికి నాకన్నా బాగా తెలుసు.

యోహాన్నెస్‌కి ఏం చెప్పాలో
రేపు చూసుకుంటాను.